అర్ధరాత్రి చెవిపోటు.. తెల్లారేదాకా ఏం చేయాలి?

చెవిపోటుకు ఒక చెడ్డ అలవాటుంది. పగలంతా సన్నగా సలుపుతూ ఊరుకుంటుంది. రాత్రి 11 దాటి, మెడికల్ షాపు షట్టరు దించేసి, ఇంట్లో అందరూ పడుకున్నాక అసలు రూపం చూపిస్తుంది. పంటినొప్పి, చెవిపోటు పగవాడికి కూడా రాకూడదని మా కడప, కర్నూలు వైపు పెద్దవాళ్లు అంటుంటారు. ఒక్కసారి పడినవాళ్లకు ఆ మాట ఎక్కువ చేసి చెప్పినట్టు అనిపించదు.

ఆ టైములో మనం చేసే మొదటి పని ఫోన్ తీయడం. 'చెవినొప్పి ఇంటి వైద్యం' అని కొడితే చాలు, 30 సెకన్ల వీడియోలు వరసగా వచ్చిపడతాయి. వెల్లుల్లి వేయించిన నూనె, ఉల్లిపాయ రసం, తులసాకు పసరు, హైడ్రోజన్ పెరాక్సైడ్, చివరికి చంటిబిడ్డ తల్లి పాలు. అన్నీ చెవిలో ఏదో ఒకటి పోయమనేవే. అసలు నొప్పి ఎందుకొచ్చిందో అడిగే వీడియో నాకైతే ఒక్కటీ కనిపించలేదు.

నేను డాక్టర్‌ని కాదు, కోడ్ రాసుకుని బతికేవాడిని. కానీ ఆ రాత్రి ఒకటి నాకూ వచ్చింది. ఇంట్లో ఉన్నవాటితోనే తెల్లారేదాకా నెట్టుకొచ్చాను. ఆ తర్వాత నన్ను చూసిన ఈఎన్‌టీ డాక్టరును బుర్ర తినేసి మరీ తెలుసుకున్న విషయాలు ఇవి.

కిందటి దసరాకు ల్యాప్‌టాప్ పట్టుకుని మైదుకూరు దగ్గర మా అవ్వ వాళ్ల ఊరికి వెళ్లాను. ఆ పక్క కేసీ కెనాల్ ఉంది. కర్నూలు దగ్గర సుంకేసుల నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు పారే ఈ కాలువను 1863 నుంచి 1870 మధ్యలో, పొలాలకు నీళ్లతో పాటు పడవలు కూడా నడిచేలా తవ్వించారు. ఇప్పుడు పడవలు లేవు గానీ మా మామల పిల్లలున్నారు. మూడు సాయంత్రాలు కాలవలో ఈత. పగలు మీటింగుల పేరుతో గంటలకొద్దీ చెవుల్లో ఇయర్‌బడ్స్. రెండు రోజులుగా కుడిచెవిలో దురదగానే ఉంది. నాలుగో రోజు రాత్రి అది నొప్పిగా మారింది. గంటలో ఎంత పెరిగిందంటే, నోరు తెరిచి నీళ్లు తాగాలన్నా చెవిలో ఎవరో స్క్రూడ్రైవర్ తిప్పినట్టుంది.

అలికిడికి అవ్వ లేచింది. "ఏం నాయనా, నిద్ర పట్టల్యా? చెవుపోటా? ఉండు, రోంత నూనె కాంచి తెల్లగడ్డ ఏసి పోస్తా. పొద్దునకు సర్దుకుంటాది."

నేను వద్దన్నాను. లోపల ఏం జరుగుతోందో నాకూ తెలీదు, అవ్వకూ తెలీదు. చూడకుండా పోయడమంటే లాగ్స్ చూడకుండా ప్రొడక్షన్ సర్వర్లో ప్యాచ్ వేసినట్టే. మా టీమ్‌లో శుక్రవారం సాయంత్రం ఆ పని చేసినవాడితో సోమవారం దాకా ఎవరూ మాట్లాడరు.

అవ్వ గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్లింది. "నూనె వద్దంటే మానె, కాపడమన్నా పెట్టనీ" అంటూ కల్లుప్పు పెనం మీద వేయించి, పాత పంచె గుడ్డలో మూటగట్టి తెచ్చింది. ముందు తన మణికట్టు మీద ఆనించుకుని చూసింది. తర్వాత నా చెవి కింద, దవడ పక్కన, చెవి వెనక మెల్లగా అద్దింది. పది నిమిషాల్లో నొప్పి పోలేదు గానీ, పళ్లు బిగబట్టడం ఆపేశాను. అంత మాత్రానికే ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు డాక్టరుకు ఇది చెబితే, "మీ అవ్వ చేసిందే నేను చెప్పేది" అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో పనికొచ్చినవి

మొదటిది నొప్పి మాత్ర. ఇది చెప్పడానికి డాక్టర్ ఎందుకు అనుకోకండి. చాలామంది నూనెకు ఖర్చుపెట్టినంత ధైర్యం మాత్రకు ఖర్చుపెట్టరు. పెద్దవాళ్లయితే పారాసెటమాల్ 500 గానీ 650 గానీ వేసుకోవచ్చు. మళ్లీ వేసుకోవాలంటే కనీసం 4 నుంచి 6 గంటలు ఆగాలి. 24 గంటల్లో అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా ఇదే పారాసెటమాల్ ఉంటుంది, అది లెక్కలో మర్చిపోకండి. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, మందు బాగా అలవాటున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. ఐబుప్రొఫెన్ కూడా పనిచేస్తుంది గానీ తిన్నాకే. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లకు, గర్భిణులకు అది వద్దు. వానల సీజన్లో జ్వరం కూడా ఉంటే డెంగీ కాదని తేలేదాకా దాని జోలికి పోకపోవడమే మంచిది. పిల్లలకైతే బరువును బట్టి డోసు, పెద్దల మాత్ర విరిచి ఇచ్చే లెక్క కాదు. ఆస్ప్రిన్ అసలే ఇవ్వొద్దు.

రెండోది తల ఎత్తు. పడుకోగానే పోటెందుకు పెరుగుతుందంటే, తల గుండెతో సమానంగా దిగేసరికి అక్కడ రక్తం ఒత్తిడి, వాపు ఒత్తిడి పెరుగుతాయి. చెవి నుంచి గొంతులోకి దిగే సన్నటి గొట్టం ఒకటుంది. కూర్చున్నప్పుడు పనిచేసినంత బాగా అది పడుకున్నప్పుడు పనిచేయదు. రెండు మూడు దిండ్లు వేసుకుని, నొప్పి ఉన్న చెవి పైకి ఉండేలా ఒరగాలి. నేను ఆ రాత్రి సగం గోడకు ఆనుకునే నిద్రపోయాను.

మూడోది కాపడం. పది, పదిహేను నిమిషాలు, పొడి గుడ్డతో, బయటి నుంచే. ఉప్పు మూట లేకపోతే ఇస్త్రీపెట్టె మీద వెచ్చజేసిన టవల్ చాలు. చర్మం తట్టుకునేంత వెచ్చదనమే ఉండాలి. స్పర్శ సరిగా తెలియని షుగర్ పేషెంట్లకు, చిన్నపిల్లలకు ఇంకా జాగ్రత్త, కాలినా వాళ్లు చెప్పలేరు.

ఇక ఆ చెవిని పొడిగా వదిలేయడం. స్నానం చేయాల్సివస్తే దూదికి వాజ్‌లైన్ రాసి చెవి బయట అడ్డం పెట్టుకోవాలి, అయ్యాక తీసేయాలి. జలుబుతో చెవి దిబ్బడేసి ఉంటే గోరువెచ్చని నీళ్లు గుటకలు వేస్తుంటే, చూయింగ్ గమ్ నములుతుంటే కొంత తేలికవుతుంది. ముక్కు గట్టిగా చీదొద్దు.

ఇంతే. పెద్ద రహస్యమేమీ లేదు. ఇవన్నీ నొప్పి తగ్గించి తెల్లారనిచ్చేవే తప్ప జబ్బును తగ్గించేవి కావు. ఈ తేడా తెలిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి.

లాగి చూడండి

నొప్పి ఎక్కడిదో కొంతవరకు మనమే కనిపెట్టొచ్చు. చెవి తమ్మెను మెల్లగా లాగండి. లేదా చెవి రంధ్రం ముందుండే చిన్న మెత్తటి బుడిపెను నొక్కండి. ప్రాణం పోయినట్టుంటే సమస్య బయటి దారిలో ఉండొచ్చు. పెద్దవాళ్లలో ఈ దారి పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. లోపలి సగంలో చర్మం చాలా పలచగా, నేరుగా ఎముకకు అతుక్కుని ఉంటుంది. వాచడానికి జాగా ఉండదు. అందుకే చిన్న వాపు వచ్చినా కేకలు పెట్టిస్తుంది. కాలవలు, బావుల్లో ఈత కొట్టేవాళ్లకు, రోజంతా ఇయర్‌బడ్స్ బిగించుకుని లోపల చెమట ఆరనివ్వని వాళ్లకు, పిన్నీసుతో తోడుకునేవాళ్లకు వచ్చేది ఎక్కువగా ఇదే.

లాగితే ఏమీ లేదు, కానీ జలుబు చేసింది, జ్వరముంది, చెవి మూసుకుపోయినట్టుంది. అయితే నొప్పి కర్ణభేరి వెనక ఉందేమో. పిల్లల్లో ఎక్కువగా ఉండేది ఈ రకం. గొంతు నుంచి వచ్చే గొట్టం వాచి మూసుకుపోయి, లోపల చీము పట్టి కర్ణభేరిని వెనక నుంచి నెడుతుంది.

లాగితేనూ లేదు, జలుబూ లేదు. అప్పుడు జ్ఞానదంతం, దవడ కీలు, గొంతు చూసుకోవాలి. ఈ చోట్ల నుంచి వచ్చే నరాలు చెవికీ కొమ్మలు వేస్తాయి కాబట్టి మెదడు అడ్రస్ పొరబడుతుంది. గుట్కా, ఖైనీ, సిగరెట్ అలవాటున్నవాళ్లకు చెవి బాగానే ఉండి ఒకవైపే వారాల తరబడి నొప్పి ఉంటే తప్పకుండా నోరు, గొంతు చూపించుకోవాలి. క్యాన్సర్ కూడా కొన్నిసార్లు మొదట చెవినొప్పిగానే పలకరిస్తుంది.

మరి తెల్లగడ్డ నూనె?

నేను ఇంజనీర్‌ని కాబట్టి దీన్ని కండిషన్ లాగే రాసుకున్నాను. కర్ణభేరి బాగుంటే పోసిన నూనె దాన్ని దాటి అవతలికి పోదు, కాబట్టి వెనకున్న చీమును ఏమీ చేయలేదు. కర్ణభేరికి చిల్లుంటే పోకూడని చోటికి పోతుంది. పోనీ జబ్బు బయటి దారిలోనే ఉందనుకుందాం. తడిగా, వాచి ఉన్న చోట నూనె, రసం పోస్తే తేమ ఆరదు. చర్మం మంట ఎక్కుతుంది, ఫంగస్‌కు పండగ. మూడు దార్లలో ఏదీ బాగుపడే దారి కాదు. వెల్లుల్లిలో సూక్ష్మజీవుల్ని చంపే పదార్థం ఉందన్నది నిజమే. అది ల్యాబ్ ప్లేటు మీద నిజం.

మరి పోసుకున్నవాళ్లకు ఎలా తగ్గింది? పిల్లల్లో వచ్చే చెవి లోపలి ఇన్ఫెక్షన్లలో చాలావరకు మూడు రోజుల్లో వాటంతటవే నెమ్మదిస్తాయి. అందుకే కొన్నిసార్లు డాక్టర్లు కూడా యాంటీబయాటిక్ వెంటనే రాయకుండా రెండు రోజులు చూద్దాం అంటారు. మన నూనె సరిగ్గా ఆ రెండో రోజు పడుతుంది. మార్కులు దానికి వెళ్తాయి.

పోసే వేడి విషయమూ ఉంది. చెవిలో పడిన ద్రవం ఒంటి వేడి కంటే బాగా వేడిగానో చల్లగానో ఉంటే తల గిర్రున తిరుగుతుంది, ఎందుకంటే మన బ్యాలెన్స్ చూసుకునే యంత్రం ఆ పక్కనే లోపల ఉంది. వియన్నాలో రాబర్ట్ బరాని అనే డాక్టరు చెవుల్లో నీళ్లు కొట్టి శుభ్రం చేస్తూ దీన్ని గమనించారు. ఈ బ్యాలెన్స్ యంత్రం మీద చేసిన పనికే ఆయనకు 1914 నోబెల్ బహుమతి దక్కింది. గరిటెలో కాచిన నూనె ఎంత వేడుందో ఎవరూ కొలిచి పోయరు. కర్ణభేరి కాలిన కేసులు ఈఎన్‌టీ డాక్టర్లకు కొత్త కాదు.

ఎర్రగడ్డ రసానికీ ఇదే జవాబు. సీజన్లో కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చే ఎర్రగడ్డ లోడ్లు చూసినవాడిగా చెబుతున్నా, దాన్ని కూరలో ఎంతైనా వేయండి.

నూనెకు ఒక్క మినహాయింపుంది. ఎండాకాలం మిద్దె మీద పడుకున్నప్పుడు చెవిలో పురుగు దూరిందనుకోండి. లోపల అది గీరుతుంటే కలిగే నరకం మాటల్లో చెప్పలేం. ఆ చెవిలో ఇంతకు ముందెప్పుడూ చీము కారలేదు, ఆపరేషన్ కాలేదు అనుకుంటే, కాచని మామూలు కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేస్తే అది చచ్చి కదలడం ఆగుతుంది. బయటికి తీసే పని మాత్రం డాక్టరుదే. అగ్గిపుల్ల, హెయిర్‌పిన్‌తో వెళ్తే పురుగు ఇంకా లోపలికే పోతుంది.

గులిమిని కూడా మురికి అనుకుని బడ్స్‌తో తోడేస్తుంటాం. అది చెవికి కాపలా. లోపలి చర్మం తనంతట తానే బయటివైపు జరుగుతూ దాన్ని మోసుకొస్తుంటుంది. బడ్ పెట్టిన ప్రతిసారీ మనం దాన్ని వెనక్కి తోస్తున్నాం.

కడపలో ఏం తేలింది

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కడప వెళ్లాం. తోడు వస్తానని అవ్వ పట్టుబట్టింది. బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపులో, చెవి చూడకుండానే ఒక చుక్కల మందు సీసా నా చేతిలో పెట్టారు. అది జేబులోనే ఉంచుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మైక్రోస్కోప్ పెట్టి నా చెవిని స్క్రీన్ మీద చూపించారు. దారంతా వాచిపోయి ఉంది. లోపల తడిసిన న్యూస్‌పేపర్ ముక్కల్లా ఏదో, దాని మీద నల్లటి చుక్కలు. ఫంగస్. సీసా మీద పేరు చదివి నవ్వారు. "ఇందులో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఉన్నాయి. ఈ ఫంగస్‌కు ఇది భోజనం పెట్టినట్టే."

సన్నటి గొట్టంతో దాన్నంతా పీల్చేసి శుభ్రం చేశారు. అది హాయిగా ఉందని అబద్ధం చెప్పలేను. తర్వాత ఫంగస్ చుక్కలు, రెండు వారాలు చెవి తడవకూడదని, ఇయర్‌బడ్స్ పెట్టకూడదని ఆర్డరు. రెండో రాత్రికే మామూలుగా నిద్రపోయాను. అదే నొప్పి, అదే చోటు, కానీ నా పక్కింటాయనకు మందు వేరే అవుతుంది. చూస్తేనే తెలిసేది.

తెల్లారేదాకా ఆగకూడని సందర్భాలు కూడా ఆవిడే చెప్పారు. చెవి వెనక ఎముక మీద వాపు వచ్చి చెవి ముందుకు తోసినట్టు కనిపించడం. ముఖం ఒక పక్కకు లాగడం, కన్ను మూతపడకపోవడం. ఆగని కళ్లు తిరగడం, వాంతులు. మెడ బిగుసుకుపోవడం, మగత. ఇలాంటివి ఉంటే 108కి ఫోన్ చేయడమే. ఆరు నెలల లోపు పిల్లలకు జ్వరంతో చెవినొప్పి అనుమానమొచ్చినా ఆగొద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే, నొప్పి లేకపోయినా అదే రోజు చూపించుకోవాలి. మందు పనిచేసే కాలం చాలా తక్కువ. షుగర్ ఉన్న పెద్దవాళ్లలో మాత్రకు కూడా లొంగని రాత్రి నొప్పి అంటే ఇన్ఫెక్షన్ ఎముకకు పాకుతోందేమో చూడాలి. భరించలేని నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయి దిండు తడిస్తే, తగ్గిందని సంబరపడకండి, కర్ణభేరి చిల్లు పడి ఉండొచ్చు. చాలాసార్లు అది వారాల్లో పూడుకుంటుంది. పూడిందో లేదో మాత్రం ఎవరైనా చూడాలి.

కడప రిమ్స్‌లో, కర్నూలు పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. ప్రైవేటుకు వెళ్లే స్తోమత లేదని ఎవరూ చెవిని వదిలేయక్కర్లేదు.

ఆ మాట మీద డాక్టరు మా అవ్వ వైపు తిరిగి ఏదో అడిగారు. అవ్వ మెడ తిప్పి కుడిచెవి ముందుకు పెట్టింది. మాకు అది అలవాటైపోయింది. ఫోన్ కూడా ఎప్పుడూ కుడి వైపే పెట్టుకుంటుంది. డాక్టరు మాత్రం పట్టేశారు. "ఎడమది ఎన్నేళ్లుగా వినపడదమ్మా?"

అవ్వకు ఎనిమిదేళ్లప్పుడు మొదలైందట. చెవుపోటు, తర్వాత చీము. వాళ్లమ్మ తెల్లగడ్డ నూనె పోసేది, దూది పెట్టేది. ఆగేది. వానాకాలం వచ్చేసరికి మళ్లీ కారేది. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక కూడా కారింది. వాసనొస్తుందని నలుగురిలో కూర్చోవడం మానేసింది. 70 ఏళ్లు దాటిన మనిషి చెవిలోకి దీపం వేసి చూసినవాళ్లు అదే మొదటిసారి. స్క్రీన్ మీద కర్ణభేరిలో సగానికి పైగా ఖాళీగా, నల్లగా కనిపించింది.

నూనె వల్లే పోయిందా అని అడిగాను. "అలా చెప్పలేం. చీము చేసిన పనే ఇది. కానీ నూనె పోసిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లకు ఏదో చేశామనిపించింది కదా, అందుకే ఎవరూ ఇక్కడిదాకా తీసుకురాలేదు" అన్నారు. రెండు వారాలు దాటి చెవి కారుతుంటే నొప్పి లేకపోయినా తీసుకురావాల్సిందే అన్నారు. చిన్న వయసులో అయితే మన ఒంట్లోదే సన్నటి పొర తీసి చిల్లుకు అతుకు వేస్తారట.

నేను చెవి మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అవ్వకు శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేశారు. కాగితం మీద కుడిచెవి గీత కూడా వయసుతో పాటు కిందికి దిగుతోంది. మిషన్ పెట్టుకుంటే బాగుంటుందని, ముందు ఎడమ చెవి పూర్తిగా పొడిబారాలని చెప్పారు. బయటికొచ్చాక అవ్వను అడిగాను, పెట్టుకుంటావా అని.

"పెట్టుకుంటాలే. ఇన్నాళ్లకు మీరు నా ఎనక ఏమనుకుంటాండారో ఇనల్ల గదా" అంది.